ఆయన జట్టు నా వంతుకు వచ్చిన ఏడాది

నన్ను ఆ వాట్సాప్ గ్రూపులో చేర్చింది సంతాపాలు చదవడానికి.

అది 2021 మే నెల. మా ఆయన భీమవరంలో ఒక ఆసుపత్రిలో పోయారు. ఆ వేళకి నేను అబుదాబిలో ఇంకో ఆసుపత్రిలో, ఐసీయూలో డ్యూటీలో ఉన్నాను. వాళ్ళ అన్నగారికి ఆపరేషనని ఏప్రిల్లో పదిహేను రోజుల సెలవు పెట్టి వెళ్ళారు. నెలాఖరుకి ఇండియా నుంచి ఇక్కడికి విమానాలు ఆపేశారు. తర్వాతి వారం జ్వరం వచ్చింది. అక్కణ్ణుంచి పన్నెండు రోజులు, అంతే. నేను వెళ్ళాలంటే వెళ్ళొచ్చు గానీ తిరిగి రావడానికి దారి లేదు. పైగా మా వార్డులో అందరి సెలవులూ రద్దు చేశారు. సమాధి కార్యక్రమం ఫోన్లో చూశాను. మా మరిది ఫోన్ పైకెత్తి పట్టుకోవడం వల్ల ఎక్కువసేపు కొబ్బరిచెట్ల తలలే కనిపించాయి.

మూడో రోజు డ్యూటీకి వెళ్ళిపోయాను. ఇంకో రెండు రోజులు ఉండమని హెడ్ నర్సు అంది. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తెలియక వచ్చానని చెప్పాను. మాకు పిల్లలు లేరు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాని ఆరు వాటాలుగా చేసి అద్దెకిస్తే, కింద వెనకవైపు వాటా మాది. ఏడుపు రాలేదు. పాస్టర్ గారు ఫోన్లో ప్రార్థన చేస్తూ కన్నీళ్ళ గురించి చెబుతున్నప్పుడు నా కళ్ళు తడిమి చూసుకున్నాను. పొడిగానే ఉన్నాయి.

ఆయన ముసఫ్ఫా పారిశ్రామికవాడలో ఏసీ డక్టులు చేసే వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా ఉండేవారు. అక్కడే రేకు పని చేసే ఒకతను ఆయనకి బాగా దగ్గర. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి పదమూడేళ్ళయింది. ఆయన్ని అన్నా అనీ, నన్ను వదినె అనీ పిలిచేవాడు. ఆయన పోయిన మర్నాడు అతనే ఫోన్ చేశాడు.

“అన్న గురించి గ్రూపుల అందరు రాస్తున్నరు వదినె. మీరు సూస్తె మంచిగుంటది,” అని చెప్పి నన్ను అందులో చేర్చాడు.

అది క్రికెట్ గ్రూపు. నాకు తెలియనిదేం కాదు. ఎనిమిదేళ్ళుగా సెలవు రోజు మధ్యాహ్నాలు మా ఇంట్లో వినిపించే గొడవ అదే. ఈయన సోఫాలో ఒక కాలు మడిచి కూర్చుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని పోట్లాడేవారు. అందులో ఇరవై రెండు మంది. అందరూ తెలుగువాళ్ళే. ముసఫ్ఫా వర్క్‌షాపుల వాళ్ళు, ఆఫీసు ఉద్యోగాల వాళ్ళు, దుబాయ్ సత్వాలో గది పంచుకుని ఉండే నలుగురు. ఏటా జరిగే లీగులో ఒక్కొక్కరూ ఒక్కో జట్టు పక్షం. మ్యాచ్‌లు జరిగే రెండు నెలలకన్నా మిగతా పది నెలలే ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు. ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదిలేయాలి, వేలంలో ఎవర్ని తెచ్చుకోవాలి అన్నదే మాట. ఈయనకి ఆటకన్నా ఈ మాటలే ఇష్టం. ఆట మూడు గంటల్లో అయిపోతుందని, జాబితాలైతే ఏడాది పొడుగునా రాసుకోవచ్చని అనేవారు.

రెండు రోజులు సంతాపాలు వచ్చాయి. చేతులు జోడించిన బొమ్మలు, ఆయన ఫోటోలు, ‘అన్నా నువ్వు లేని గ్రూపేంది’ లాంటి మాటలు. మూడో రోజు పొద్దున ఎవరో ఒకతను, మధ్యలో ఆగిపోయిన సీజన్ మళ్ళీ మొదలవుతుందా, ఇంతేనా అని అడిగాడు. ఆ ఏడాది జట్లలోకే జబ్బు రావడంతో ఆట ఆపేశారు. గంట తర్వాత ఒకతను జవాబిచ్చాడు. సాయంత్రానికల్లా విదేశీ ఆటగాళ్ళు తిరిగొస్తారా రారా అన్నదాకా వెళ్ళింది.

జగిత్యాల తమ్ముడు నాకు విడిగా రాశాడు. మీరున్న సంగతి వాళ్ళకి గుర్తులేదు, తప్పుగా అనుకోకండి, తీసేయమంటే తీసేస్తాను అని. ఉండనివ్వమన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు ఆలోచించలేదు.

ఆ వేసవి అంతా ఆ గ్రూపు చదివాను. షిఫ్టు అయ్యాక గౌను, మాస్కు తీసేసి, డ్రెస్సింగ్ రూములో బెంచీ మీద కూర్చుని చదివేదాన్ని. బిస్కెట్ పాకెట్ వెనక రాసిన దినుసులు చదివినట్టే చదివాను. ఎవరో ఓపెనర్‌కి వయసైపోయిందంటారు. ఇంకొకరు కాదంటారు. నాకు ఏదీ ఎక్కేది కాదు. కానీ ఆ ఇరవై నిమిషాలూ ఇంకేదీ ఆలోచించక్కర్లేదు. మా ఆడపడుచు ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే, వార్తలు చూస్తున్నానని చెప్పేదాన్ని.

గ్రూపులో ఈయనకి ఎప్పుడూ ఎదురు నిలిచే మనిషి ఒకతను ఉన్నాడు. గుంటూరతను. ముసఫ్ఫాలో ఒక ఆఫీసులో అకౌంటెంటు, మా ఇంటికి రెండు సందుల అవతల భార్యతో ఉంటాడు. మనిషి మంచివాడే, నోరు పెద్దది. మా ఆయన ఒకటంటే అతను ఇంకొకటి అనాల్సిందే. ఆయన పోయాక అతని రాతలు తగ్గిపోయాయి. ఎవరో అడిగితే, వాదించడానికి మనిషి లేకపోతే ఏం రాస్తామని బదులిచ్చాడు. ఆ ముక్క చదివినప్పుడు నాకు బాధ కలగాలని తెలుసు. చదివి, పక్క మెసేజికి వెళ్ళాను.

సెప్టెంబరులో మిగిలిన సీజన్ ఇక్కడికే వచ్చింది. అబుదాబిలోనే మ్యాచ్‌లు. వాళ్ళు టికెట్లు కొన్నారు, నన్నూ రమ్మన్నారు. డ్యూటీ ఉందన్నాను. నిజంగానే ఉంది, లేకపోయినా వెళ్ళేదాన్ని కాదు. ఆసుపత్రి బస్సులో ఇంటికొస్తుంటే ఒక సాయంత్రం స్టేడియం లైట్లు కనిపించాయి. పక్క సీట్లో ఫిలిప్పీన్స్ అమ్మాయి అదేమిటని అడిగింది. క్రికెట్ అన్నాను. ఆయన జట్టు ఆ ఏడాది ఓడిపోతూనే పోయింది.

ఆ తర్వాతే అసలు గందరగోళం మొదలైంది. కొత్తగా రెండు జట్లు వస్తున్నాయని, పాత జట్లు ఒక్కొక్కటీ నలుగురినే ఉంచుకుని తక్కిన అందరినీ వేలానికి వదిలేయాలని చెప్పారు. వచ్చే సీజన్ ఇండియాలోనా, మళ్ళీ ఇక్కడా, అసలు ఉంటుందా లేదా అన్నది ఎవరికీ తెలియదు. గ్రూపు రోజంతా మోగేది. ఆ నలుగురు ఎవరన్నదాని మీద అన్నదమ్ముల్లాంటి వాళ్ళు మాటలు మానేసుకున్నారు.

అప్పుడే నేను మొదటిసారి నోరు విప్పాను. ఒక ఫాస్ట్ బౌలర్ విషయం. వెన్నెముకలో చిన్న ఎముక చీలిందని ఆట ఆపేశాడు. ఆరు వారాల్లో మానిపోతుంది, అతన్ని తప్పకుండా ఉంచుకోవాలని సత్వా వాళ్ళు రాస్తున్నారు. నేను బెంచీ మీద కూర్చుని, అంత వేగంగా బౌలింగ్ చేసేవాళ్ళకి ఆ చీలిక మానడానికి నెలలు పడుతుందని, మానినా ఆ చోటే మళ్ళీ చీలడం మామూలని, తొందరపెడితే మనిషి పాడైపోతాడని రాశాను. ఐసీయూకి రాకముందు నాలుగేళ్ళు ఆర్థో వార్డులో చేశాను. పంపించాక గానీ అది గ్రూపులోకి వెళ్ళిందని తోచలేదు.

తర్వాత గుంటూరతను రాశాడు. “వదిన గారూ, మరి ఆ రెండో ఓపెనర్ మోకాలు సంగతి కూడా చెప్పండి.”

అలా నేను గ్రూపుకి డాక్టర్నయ్యాను. భుజం జారినవాడు, తొడ కండరం పట్టేసినవాడు, వేలు విరిగినవాడు, ఎవరి పేరొచ్చినా నన్ను అడిగేవాళ్ళు. తెలిసింది చెప్పేదాన్ని, తెలియకపోతే తెలియదనేదాన్ని. చెప్పాలంటే ఆటగాళ్ళ పేర్లు గుర్తుండాలి. అలా తెలియకుండానే అన్నీ గుర్తుండిపోయాయి.

జనవరిలో జగిత్యాల తమ్ముడు ఫోన్ చేశాడు. అసలు వేలానికి ముందు వాళ్ళు ఏటా తమలో తాము ఒక ఉత్తుత్తి వేలం పెట్టుకుంటారు. వేలానికి కూర్చునే ఒక్కొక్కరికి ఒక జట్టు, ఒక్కో జట్టుకి వంద పాయింట్లు. ఎవరి జట్టు బాగుందని ఆఖర్న ఓట్లు వేసుకుంటారు.

“అన్న టీమ్ ఎవలకియ్యాలని అందరు అడుగుతున్నరు వదినె. నాకైతే వేరేటోళ్ళకియ్యబుద్ధి కాలే. మీరు కూసుంటరా?”

నాకు ఆట రాదన్నాను. ఇక్కడెవరికీ రాదన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. పోయిన మార్చిలో అన్న ఒక బౌలర్ గురించి గ్రూపులో తెగ వాదించాడని. ఎడమచేతి మీడియం పేస్, ఇరవై మూడేళ్ళ వయసు, ఇంకా పెద్ద ఆటల్లోకి రానివాడు. చిన్న ఊళ్ళ టోర్నమెంటులో ఎవరో ఫోన్లో తీసిన వీడియో చూసి, వచ్చే వేలంలో అతన్ని వదలొద్దని ఈయన పట్టుబట్టారట. “అన్న మాట్లాడిన వాయిస్ మెసేజిలు నా ఫోన్ల పదకొండు ఉన్నయి. పంపన్నా?” అని అడిగాడు. ఇప్పుడొద్దన్నాను. సరేనన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ నెలలోనే ఈ దేశంలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకి మారింది. ఇన్నేళ్ళూ శుక్రవారం జరిగే మా ఆరాధన ఆదివారానికి వచ్చింది. వర్క్‌షాపుల వాళ్ళకీ ఆదివారం ఒక్కటే సెలవు. చర్చి అయ్యాక అటునుంచి అటే గుంటూరతని ఇంటికి వెళ్ళాను. బైబిలు సంచిలోనే ఉంది. హాల్లో చాప పరిచి ఏడుగురు కూర్చున్నారు, మాస్కులు గడ్డాల కిందకి దించుకుని. నన్ను చూసి అందరూ లేచారు. గుంటూరతని భార్య నాకు కుర్చీ వేసింది. చాప మీదే కూర్చుంటానన్నాను. నా ముందు ఒక కాగితం, పెన్ను పెట్టారు. కాగితం పైన ఆయన జట్టు పేరు రాసి ఉంది.

వేలం పాడించేది జగిత్యాల తమ్ముడు. అతను పేరు చదవడం, మేము చెయ్యెత్తడం, చివర్లో అతను స్టీలు టిఫిన్ డబ్బా మీద గరిటెతో కొట్టడం. మొదటి గంటలో ఇద్దరు బ్యాట్స్‌మెన్‌ని, ఒక స్పిన్నర్‌ని తీసుకున్నాను. నడుం నొప్పి ఉన్నవాళ్ళ జోలికి పోలేదు. పక్కనున్నతను నా కాగితంలోకి తొంగి చూసి, మంచిగనే కొంటున్నరు అన్నాడు. నేను కూరగాయలు ఏరుకున్నట్టు ఏరుకుంటున్నాను. మనసు ఎక్కడా లేదు. అలా లేకపోవడం అప్పటికి అలవాటైపోయింది.

మూడు గంటల వేళకి ఆ ఎడమచేతి బౌలర్ పేరు వచ్చింది. రెండు పాయింట్లతో మొదలు. నేను చెయ్యెత్తాను.

ఇంకెవరూ ఎత్తలేదు. ఒకతను చాప అంచు సవరించుకున్నాడు. ఇంకొకతను ఫోన్ చూసుకున్నాడు. గుంటూరతను సమోసాల ప్లేటు జరిపాడు. జగిత్యాల తమ్ముడు నావైపు చూడకుండా గరిటె ఎత్తి, ఒకటోసారి, రెండోసారి అన్నాడు.

“ఆగండి,” అన్నాను. “ఎవరూ పాడరేంటండి?”

“మాకు అక్కర్లేదులెండి వదిన గారూ. బౌలర్లు సరిపోయారు,” అన్నాడు గుంటూరతను.

“మీకు ఇద్దరే ఉన్నారు. నేను రాసుకున్నాను.”

ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలిసినదే. ఎనిమిది నెలలుగా నేను గదిలోకి వెళితే మాటలు ఆగిపోతున్నాయి. ఆసుపత్రిలో నాకు తేలిక బెడ్లు ఇస్తున్నారు. చర్చిలో ముందు వరుసలో జాగా వదులుతున్నారు. ఇక్కడా అదే.

“ఆయన కూర్చుని ఉంటే ఇలాగే వదిలేసేవారా?” అని అడిగాను.

గుంటూరతను తల వంచుకుని, “అన్న ఉంటే పదిహేను దాకా లాగేవాణ్ణి,” అన్నాడు. కాసేపాగి, “ఆయనకి ఒళ్ళు మండాలని,” అన్నాడు.

“మరి లాగండి.”

అతను జగిత్యాల తమ్ముడి వైపు చూశాడు. అతను గరిటె దించి, మళ్ళీ రెండు నుంచి మొదలుపెట్టాడు. గుంటూరతను మూడన్నాడు, మెల్లగా. నేను నాలుగన్నాను. ఐదు, ఆరు. అతని గొంతు పెరిగింది. సత్వా నుంచి వచ్చినతను మధ్యలో దూరి ఎనిమిదన్నాడు. తొమ్మిది అన్నాను. సత్వా అతను పదని, అక్కడితో తప్పుకున్నాడు. గుంటూరతను పదకొండన్నాడు, చాప మీద చెయ్యి కొట్టి.

నా దగ్గర పద్నాలుగు మిగిలాయి. జట్టులో వికెట్ కీపర్ లేడు. ఇంకో ఇద్దరు కీపర్లే జాబితాలో ఉన్నారు. కాగితం చూసుకున్నాను. ఆయనైతే ఏం చేసేవారో నాకు తెలుసు. ఉన్నదంతా పెట్టి బౌలర్‌ని తీసుకుని, కీపర్ లేకుండా ఇంటికొచ్చి రాత్రంతా నాతో అదే మాట్లాడేవారు.

“నాకొద్దు,” అన్నాను.

గరిటె డబ్బా మీద పడింది. గుంటూరతను కాసేపు తన కాగితం వైపు చూసి, “ఇప్పుడీయన్ని నేనేం చేసుకోను వదిన గారూ?” అన్నాడు. ముందు సత్వా అతను నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి. అది కోపమని కాసేపటికి తెలిసింది. చాలా నెలల తర్వాత నాకు తెలిసిన మొదటి సంగతి అది. ఆరు పాయింట్లకి ఒక కీపర్‌ని కొన్నాను. ఓట్లలో నా జట్టు మూడోది వచ్చింది.

ఫిబ్రవరిలో అసలు వేలం రెండు రోజులు జరిగింది. రెండో రోజు నాకు మార్నింగ్ డ్యూటీ. పేషెంట్లు తగ్గారు. టీ తాగడానికి కూర్చున్నప్పుడు గుంటూరతని మెసేజి ఉంది, గ్రూపులో కాదు, నాకే. “మనవాణ్ణి ఎవరూ అడగలేదు వదిన గారూ. చివర్లో గబగబా చదివేశారు.” నేను రెండుసార్లు చదివాను. సరేనండి అని రాశాను. టీ తాగేసి కప్పు కడిగి పెట్టాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక జగిత్యాల తమ్ముడికి ఫోన్ చేసి, ఆ బౌలర్ గురించి ఆయన మాట్లాడింది పంపమన్నాను. ఒక్కటే పంపాడు. నలభై సెకన్లు ఉంటుంది. మణికట్టు చూడండ్రా, బంతి వదిలేటప్పుడు మణికట్టు చూడండి అని ఆయన గొంతు. వెనక మా కుక్కరు విజిల్ వేసింది. ఆ వెనక నా గొంతు, అన్నం చల్లారిపోతోందని. వస్తున్నా అన్నారు, మళ్ళీ మణికట్టు దగ్గరికే వెళ్ళారు. మళ్ళీ నా గొంతు, ఈసారి కొంచెం గట్టిగా. అప్పుడు కూడా వస్తున్నానే అన్నారు. అంతటితో అయిపోయింది. ఏడుపు వస్తుందేమోనని కూర్చున్నాను. రాలేదు. ఆ రోజు ఏం కూర వండానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను, అదీ రాలేదు. మిగిలిన పది ఇప్పటికీ అతని దగ్గరే ఉన్నాయి.

తర్వాతి సంగతులు ఎక్కువేం లేవు. ఆ వేసవిలో ఊరెళ్ళి సమాధి చూసి వచ్చాను. మరుసటి ఏడు వర్క్‌షాపు చేతులు మారింది, కొత్త ముదీర్, అంటే మేనేజరు, పాతవాళ్ళని చాలామందిని పంపించేశాడు. వాళ్ళలో జగిత్యాల తమ్ముడూ ఉన్నాడు. వెళ్ళే ముందు రోజు వచ్చి భోంచేసి వెళ్ళాడు. “ఖలాస్ వదినె, ఇంక దుబాయ్ ముచ్చట ఒడిసింది,” అన్నాడు, మామూలుగా. నాకూ మామూలుగానే అనిపించింది. పెరుగు వేసుకోమన్నాను. ఇప్పుడు ఊళ్ళో ట్రాక్టర్ల షెడ్డు పెట్టుకున్నాడు, అక్కణ్ణుంచే గ్రూపు నడుపుతాడు.

అతను వెళ్ళిపోకముందు, 2022 నవంబరులో జరిగింది ఒకటి చెప్పాలి. మళ్ళీ ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదలాలి అనే రోజులు. నాకు వీక్లీ ఆఫ్. మధ్యాహ్నం అన్నం తిని, ఆయన జట్టు కీపర్‌ని ఉంచాలని నేను, వదిలేయాలని గుంటూరతను రాసుకుంటున్నాం. మా ఇద్దరి రాతల మధ్యలో చిన్న అక్షరాలతో ఒక వరస వచ్చింది. మా ఆయన గ్రూపు నుంచి వెళ్ళిపోయారని.

రెండు నిమిషాలకి జగిత్యాల తమ్ముడు ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళూ రీచార్జి లేక పడి ఉన్న నంబరు కదా, ఫోన్ కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసి ఉంటుందని చెప్పాడు. అతని గొంతు బాగాలేదు. నాకు అర్థమైందని, పర్వాలేదని అన్నాను. నిజానికి సిమ్ సంగతి చూడాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను. బిల్లుల సంచిలో కాగితం కూడా పెట్టుకున్నాను.

ఫోన్ పెట్టేసి గ్రూపు తెరిచాను. ఇరవై మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ కదలడం లేదు. “కీపర్ సంగతి తేల్చండి, రేపు నాకు పొద్దున్నే డ్యూటీ,” అని రాశాను.

కాసేపటికి గుంటూరతను పెద్ద పేరా రాశాడు. కీపర్‌కి ముప్పై నాలుగు నిండాయని, పోయిన ఏడు స్పిన్‌కి తడబడ్డాడని, కుర్రవాణ్ణి తెచ్చుకోవాలని. నేను దానికి జవాబు రాశాను. అతని వేళ్ళు బాగున్నాయి, మోకాళ్ళు బాగున్నాయి, ఇంకో రెండేళ్ళు ఆడతాడని. సత్వా వాళ్ళు అతనివైపు చేరారు. ఓటింగు పెట్టారు. ఉంచాలని నాతో కలిపి నలుగురు, వదలాలని పన్నెండు మంది. నేను ఓడిపోయాను. ఫోన్ ఛార్జింగుకి పెట్టి, మర్నాటికి యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాను.